నాయన తెచ్చిన పదకొండు ముక్కలు

మొన్న మా చెల్లెలి కొడుకును వెంటబెట్టుకుని ఒక సైన్సు ప్రదర్శనకు వెళ్ళాను. లోపల ఒక పొడవాటి గోడ నిండా స్వతంత్రం వచ్చినప్పటి నుంచి దేశం నడిచిన దారిని బొమ్మల్లో పెట్టారు. పై వరుసలో యుద్ధాలు, కింది వరుసలో రాకెట్లు. మైకు పట్టుకున్న కుర్రాడొకడు పై వరుస నుంచి కింది వరుసకు కర్రతో గీత గీస్తూ, "కార్గిల్ కొండల మీద ఎవరు ఎక్కడ దాక్కున్నారో పైనుంచి చూడ్డానికి మనకు సరిపడా కళ్ళు లేకపోయాయి. ఆ దెబ్బతో దేశం ఆకాశం సంగతి మరింత గట్టిగా పట్టించుకుంది" అని చెప్తున్నాడు. బాగానే చెప్తున్నాడు. తర్వాత గది మధ్యలో ఉన్న ఉపగ్రహం నమూనా దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళి, దాని చుట్టూ ఉన్న పసుపుపచ్చని మెరుపును చూపించి, "ఇదంతా అసలు బంగారం" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "బంగారం కాదప్పా, ప్లాస్టిక్ రేకు. వెనక అల్యూమినియం పూత. మా నాయన కుట్టేవాడు" అన్నాను. పెద్దావిడ ఏదో ముచ్చట పడుతోంది పాపం అన్నట్టు ఆ కుర్రాడు నవ్వి, "అవునా ఆంటీ" అని పక్క బొమ్మకు నడిచాడు. ఇంటికొచ్చినా ఆ నవ్వు నన్ను వదల్లేదు. నాయన పోయి రెండేళ్ళయింది. ఆయన గురించి రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ ఒక చోటికి రాగానే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయాను. ఈసారి లేవకుండా రాస్తాను.

మాది కబ్బన్‌పేట. మా పెద్దలు ఎప్పుడో అనంతపురం వైపు నుంచి వచ్చి కన్నడ రాజధానిలోని ఈ పేటలో మగ్గం దింపారట. నాకు ఊహ తెలిసేసరికే మా సందులో చేతిమగ్గాలు పోయి కరెంటు మగ్గాలు వచ్చాయి. పొద్దున లేచేసరికి గోడలు టకటకమంటూ ఉండేవి, ఆ చప్పుడు ఆగితే కరెంటు పోయిందని తెలిసేది. తాత పోయాక మా మగ్గం అమ్మేశారు. నాయన కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. సైనికుల బట్టలు కుట్టించే ఒక కాంట్రాక్టరు దగ్గర చాలా ఏళ్ళు ఖాకీ, పచ్చ గుడ్డలు కుట్టాడు. కుట్టగా మిగిలిన గుడ్డ దర్జీదే అన్నది లోకమంతా ఒప్పుకున్న వాడుక. నాయన మాత్రం జేబురుమాలంత మిగిలినా మడిచి వెనక్కి ఇచ్చేసేవాడు. దాని మీద అమ్మకు కాస్త కినుకగా ఉండేది. సందులో మిగతా దర్జీల పిల్లలంతా ఖాకీ నిక్కర్లు వేసుకుని తిరుగుతుంటే మాకు గుడ్డ కొనాల్సి వచ్చేది. ఆ కాంట్రాక్టరే ఒకరోజు వచ్చి, ఉపగ్రహాలు తయారుచేసే చోట జారిపోయే రేకును ముడత పడకుండా కుట్టే మనిషి కావాలంటున్నారని చెప్పి నాయనను తీసుకెళ్ళాడు. ఆ చోటి పేరు ఇక్కడ రాయను. మూడు రోజులు చెయ్యి చూసి ఉంచుకున్నారు.

ఆ రోజు నుంచి మా ఇంటి వాసన మారిపోయింది. నాయన పని చేసే గదిలో దుమ్ము ఉండకూడదు, నూనె ఉండకూడదు, తలవెంట్రుక ఉండకూడదు. తెల్లకోటు, టోపీ, చేతికి తొడుగులు, లోపలికి పోవడానికి గేటు పాసు అన్నీ వాళ్ళే ఇచ్చేవాళ్ళు. అది చాలదని నాయన ఇంట్లో కూడా ఆ నియమాలు పెట్టాడు. ముందు ముఖానికి పూసుకునే పౌడరు డబ్బా పోయింది. తర్వాత ఆయన దిండు దగ్గరికి కొబ్బరినూనె తల ఎవరూ తీసుకురాకూడదన్నాడు. ఊదుకడ్డీలు వరండాలోకి వెళ్ళిపోయాయి. పదహారేళ్ళ పిల్లకు పౌడరు లేకుండా కాలేజీకి వెళ్ళడమంటే ఏమిటో ఆయనకు ఎలా తెలుస్తుంది? నేను స్నేహితురాలి ఇంట్లో పూసుకుని వెళ్ళి, సాయంత్రం వీధి కుళాయి దగ్గర ముఖం కడుక్కుని వచ్చేదాన్ని. పొద్దున రవ్వ ఉప్పిట్టు తిని, క్యారియర్ పట్టుకుని, గడప దాటే ముందు నాయన చొక్కా భుజాలు రెండూ దులిపించుకునేవాడు. దులిపే పని మా అవ్వది, అంటే నాయన తల్లిది. ఒక్క వెంట్రుక కనిపించినా ఆమె రెండువేళ్ళతో పట్టి తీసి, "పోప్పా, ఇంగ నీ డబ్బా కాడికి పో" అని పంపేది. రెండు బస్సులు మారి వెళ్ళాలి. ఊరి చివర మారతహళ్ళి వైపు అప్పటికింకా రాగి చేలు, చేల మధ్య అక్కడక్కడా పునాదులు.

అవ్వ ఉపగ్రహాన్ని డబ్బా అనే అనేది. ఆమెకు ఆ పని అర్థం కాకపోలేదు, అందరికంటే బాగా అర్థమయింది. పాత చీరల్ని పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు మా సందులో లేరు. నాయన చేసేదీ అదే. సన్నని రేకు, దాని మీద దోమతెర లాంటి వల, మళ్ళీ రేకు, మళ్ళీ వల. అలా బోలెడు పొరలు పేర్చి, పైన బంగారు రంగు రేకు వేసి, అంచులు కుట్టాలి. ఎండ వైపు కాలిపోకుండా, నీడ వైపు గడ్డకట్టకుండా యంత్రాన్ని కాపాడే బొంత అది. పొరల మధ్య గాలి ఉండకూడదని రేకు నిండా సూదిమొన బెజ్జాలు ఉండేవి. పైకి పోయాక లోపలి గాలంతా వాటిగుండా బయటికి పోతుందట. "గాలి చిక్కుకుంటేనే కదప్పా బొంత వెచ్చగా ఉండేది" అని అవ్వ వాదించేది. "ఇది తిరగేసిన బొంత మా" అని నాయన నవ్వేవాడు. మూలల దగ్గర మడత ఎలా తిప్పాలో ఆయన ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఆ మాట ఉపగ్రహాల కేంద్రంలో కూడా చెప్పాడట, వాళ్ళూ నవ్వారట.

నాయన తమ్ముడు, మా చిన్నాయన, సైన్యంలో ఉండేవాడు. దార్లు, వంతెనలు వేసే దళం. ఏడాదికొకసారి సెలవు మీద వచ్చి, మమ్మల్ని ఊరి పొలిమేర అత్తిబెలె దాకా ఊరికే బస్సులో తిప్పి, వేరుశనక్కాయలు కొనిపెట్టి వెళ్ళిపోయేవాడు. ఆయనకు రాసే ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు, అంకెలే. తొంభైతొమ్మిది వేసవిలో కార్గిల్ యుద్ధం మొదలయింది. చిన్నాయన నుంచి ఒక్క ఉత్తరం వచ్చింది. తాను బాగున్నాననీ, ఎండాకాలంలో కూడా ఇక్కడ నీళ్ళు గడ్డకడుతున్నాయనీ, ఆ మాట అవ్వకు చెప్పొద్దనీ రాశాడు. చదవడం రాని అవ్వ ఆ ఉత్తరాన్ని నా చేత నాలుగుసార్లు చదివించుకుంది. నాలుగుసార్లూ నేను ఆ గడ్డకట్టే నీళ్ళ వాక్యం దాటేశాను. అయినా ఆమెకు టీవీ ఉంది. ఇంతకు ముందు యుద్ధమంటే ఆమెకు కిటికీ అద్దాలకు నల్లకాగితం అంటించి దీపాలు ఆర్పుకోవడం. ఇప్పుడు మొదటిసారి యుద్ధం అన్నం తినే వేళకు ఇంట్లోకి వచ్చి కూర్చుంది. తెల్లని కొండలు, నోటి నుంచి పొగలా వస్తున్న ఊపిరి, స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకున్న కుర్రాళ్ళు. ఒక సాయంత్రం ఆమె టీవీ చూస్తూ చూస్తూ నాయన వైపు తిరిగింది.

"ఒరే అప్పా, ఆకాశంలో తిరిగే డబ్బాకి చలేస్తాదని బొంత కుడతాండావు. నా బిడ్డ మంచులో ఉండాడు. వానికొకటి కుట్టలేవా?"

"అది మనుషులకి పనికొచ్చేది కాదు మా. పైన గాలి లేదు, అక్కడికి సరిపోతాది. గాలి ఉండే చోట అది సుమ్నే, ఉత్త ప్లాస్టిక్ కవరు" అన్నాడు నాయన.

అక్కడ ఆగిపోవాల్సిన మాట అది. నేను ఆగనివ్వలేదు. నేను అప్పుడు పీయూసీలో, అంటే ఇంటర్లో, సైన్సు చదువుతున్నాను. వేడి ఎన్ని రకాలుగా ప్రయాణం చేస్తుందో మా పుస్తకంలో ఒక పాఠం ఉంది, దాంట్లో నాకు మంచి మార్కులొచ్చాయి. "అట్ల కాదు నాయనా. అద్దం మాదిరి మెరిసేది ఏదైనా ఒంటి వేడిని మళ్ళా ఒంటికే పంపిస్తాది. పుస్తకంలోనే ఉండాది. గాలి ఉన్నా కొంచెమన్నా పని చేస్తాది" అన్నాను. నాయన ఓపిగ్గానే చెప్పాడు. దాంట్లోంచి చెమట బయటికి పోదు, ఆ చెమటే చల్లబడితే ఇంకా కష్టం, పైగా కదిలితే గరగరమంటుంది అన్నాడు. తాను రోజూ చేత్తో పట్టుకునే వస్తువు గురించి చెప్తున్నాడు. నేను పుస్తకం గురించి చెప్తున్నాను. అవ్వ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది, ఆమె కళ్ళు చివరికి నా మీద ఆగాయి. అది నాకు గర్వంగా అనిపించింది. అప్పుడు అన్నాను. "చిన్నాయన కంటే నీకి ఆ గేటు పాసే ఎక్కువ. అది పోతాదని భయం, అంతే."

నాయన ఇంకా సగం ముద్ద పళ్ళెంలో ఉండగానే చెయ్యి కడుక్కున్నాడు. ఇప్పటికీ రాగిముద్ద చేసిన రోజు నాకు ఆ పళ్ళెం కళ్ళముందు కనిపిస్తుంది.

ఆ వారంలోనే క్యారియర్ అడుగు గిన్నెలో ముక్కలు రావడం మొదలయింది. కత్తిరించగా మిగిలిన ముక్కలు, అంచులు వంకరగా ఉన్నవి. ఒకరోజు రెండు, ఒకరోజు మూడు. మొత్తం పదకొండు. అన్నీ కలిపినా ఒక నిమ్మకాయంత బరువు లేవు. ఆదివారం మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి నాయన వాటిని చాప మీద పరిచి, అటూ ఇటూ తిప్పి, ఒకదాని పక్కన ఒకటి చేర్చాడు. చిన్నాయన ఛాతీ కొలత ఆయనకు నోటికి వచ్చు. చేతులు లేని బనీను లాంటిది కుట్టాడు. ఒంటికి రేకు తగలకుండా లోపల అమ్మ పాత నూలుచీర ముక్క, మెరుపు కనబడకుండా పైన పాత ఖాకీ. అవ్వ పక్కనే కూర్చుని మూలలు సరిగా తిరిగాయో లేదో చూసింది. ఎన్నాళ్ళకో ఆమె ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. పార్సిలు మీద ఆ అంకెల అడ్రసు గుండ్రటి అక్షరాలతో నేనే రాశాను. నేనే గెలిచానన్న సంతోషం తప్ప నాకు ఆ రోజు ఇంకేమీ అనిపించలేదు.

ముక్కల తూకం అసలు ఎందుకో నాయనకు తెలియదు. కేంద్రంలో రేకును ఇచ్చేటప్పుడు తూచేవాళ్ళు, పని పూర్తయ్యాక బొంతనూ మిగిలిన ముక్కలనూ మళ్ళీ తూచేవాళ్ళు. గుడ్డల కాంట్రాక్టరు కూడా తూచేవాడు, దొంగతనం జరక్కుండా. ఇక్కడా అందుకేననుకున్నాడు నాయన. దొరికితే తిడతారు, జీతంలో కోస్తారు, పడదాం అనుకున్నాడు. తూకం తగ్గిన రోజు అక్కడ ఎవరూ దొంగ అన్న మాట ఎత్తలేదట. పని ఆపేశారట. ముక్క బయటికి పోలేదంటే యంత్రం లోపలే ఎక్కడో ఇరుక్కుని ఉండాలి. పైకి పోయాక దేనికీ బరువు ఉండదు, పూత ఉన్న ఆ ముక్క తేలుకుంటూ పోయి రెండు తీగల మధ్య పడిందంటే అంతా చచ్చిపోతుంది. కాబట్టి మూసినదంతా విప్పి వెతకాలి. నెలల తరబడి వందల చేతులు బిగించినదాన్ని విప్పాలి. పాతికేళ్ళ పిల్లలు టార్చిలైట్లు పట్టుకుని మోకాళ్ళ మీద పాకుతూ నేలంతా వెతకడం చూసి నాయన, ఆ విభాగం చూసే మేడమ్ దగ్గరికి వెళ్ళి, "వెతకద్దండి, నా దగ్గరుండాయి" అన్నాడట.

ఉన్నాయంటే సరిపోదు, చూపించాలి. అవి అప్పటికి ఏ సైన్యం లారీలో ఏ కొండ ఎక్కుతున్నాయో. నాయన ఒక కత్తెరా పాత న్యూస్ పేపర్లూ అడిగాడట. గుర్తున్నది గుర్తున్నట్టు పదకొండు కాగితం ముక్కలు కత్తిరించి బల్ల మీద పెట్టాడు. ఏది ఏ రేకు నుంచి, ఏ మూల నుంచి వచ్చిందో చెప్పాడు. వాళ్ళు బొంత నమూనా గీతలు తెచ్చి పక్కన పెట్టి చూస్తే ప్రతి కాగితమూ దాని ఖాళీలో కూర్చుందట. వాటి వైశాల్యం లెక్కకట్టి బరువు తీస్తే, తగ్గిన బరువుకు సరిపోయింది. యంత్రాన్ని విప్పలేదు. నాయన గేటు పాసు తీసుకున్నారు. ఇదంతా ఆయన ఆ సాయంత్రం అమ్మకు మెల్లగా, ఎవరి మీదా కోపం లేకుండా చెప్పాడు. "వాళ్ళు మంచోళ్ళు. నన్ను నమ్మినారు" అన్నాడు. నేను వంటింటి తలుపు వెనక పుస్తకం పట్టుకుని నిలబడి విన్నాను. నేను అన్న మాట గురించి ఆయన అమ్మతో కూడా ఎత్తలేదు.

అప్పటికీ ఇప్పటికీ బేరీజు వేసుకోవడం నా వయసువాళ్ళకు అలవాటైన జబ్బు. ఇప్పుడు ఫోను చేతిలో పట్టుకుంటే మారతహళ్ళిలో ఏ సందులో బండ్లు ఆగిపోయాయో ఆకాశం నుంచి కబురొస్తుంది. ఆ రాగి చేలలో అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలో ఉండేవాళ్ళకు ఆకాశంలో మన యంత్రాలు ఉండడం కుళాయిలో నీళ్ళు రావడమంత మామూలు. దేశం యుద్ధం నుంచి నేర్చుకుంది, ఆకాశానికి ఎగిరింది, ఆ గోడ మీది బొమ్మలు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ రెండు వరుసల మధ్య కర్రతో గీసిన గీత మా ఇంట్లో ఒక తల్లి ఇద్దరు కొడుకుల మధ్య సాగింది. ఒకడు కొండ మీద వణుకుతున్నాడు, ఒకడు యంత్రానికి చలి వెయ్యకుండా చూస్తున్నాడు. దేశానికి ఇద్దరూ కావాలి. ఆమెకు కూడా ఇద్దరూ కావాలి, కాకపోతే ఆమె లెక్క వేరు. నాయన మళ్ళీ మా సందులోనే మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకు చంద్రుడి దగ్గరికి మన తొలి నౌక వెళ్ళినప్పుడు, పేపర్లో దాని బొమ్మను కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూసి, "బాగా కుట్టినారు" అన్నాడు. ఆ గొంతులో అసూయ లేదు. నాకే అక్కడ కూర్చోలేక లేచి వెళ్ళిపోవాలనిపించింది.

చిన్నాయన ఆ యుద్ధం అయిన ఏడాదే కార్తీకంలో సెలవు మీద వచ్చాడు. బుగ్గల చర్మం కమిలి నల్లబడింది, రెండు కాలివేళ్ళు పోయాయి. మనిషి మాత్రం తిరిగొచ్చాడు. అవ్వ అతని ముఖం తడుముతూ, "అన్న కుట్టింది ఏసుకుంటివా నాయనా?" అని అడిగింది. "అది లేకుంటే నేను లేనుమా" అన్నాడు చిన్నాయన, పెట్టెలోంచి ఆ బనీను తీసి ఆమె ఒళ్ళో పెడుతూ. అవ్వ దాన్ని గుండెలకు హత్తుకుని ఏడ్చింది. తర్వాత నాయన దాన్ని చేతిలోకి తీసుకుని లోపలి వైపు తిప్పాడు. అమ్మ చీరముక్క మీద చెమట మరక లేదు, మెడ దగ్గర జిడ్డు లేదు, మడత పెట్టిన గీతలు పెట్టినట్టే ఉన్నాయి. దర్జీకి అంతకంటే చెప్పేదేముంది? "మంచిదప్పా" అని మాత్రం అన్నాడు. సాయంత్రం ఆయన వరండాలో కూర్చుని దాని కుట్లు ఒక్కొక్కటే విప్పుతుంటే చిన్నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏసుకోలేదన్నా. చప్పుడైతాది. పైన చప్పుడైతే..." అన్నాడు.

"తెలుసప్పా. మరి ఎందుకు మోసుకొచ్చినావు?"

"నువ్వు కుట్టింది కదన్నా."

మర్నాడు నాయన ఆ పదకొండు ముక్కలను కాగితంలో మడిచి పట్టుకుని కేంద్రానికి బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, గేటు దగ్గర ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. ఇదంతా నా వల్ల అని మేడమ్‌కు చెప్పాలి. ఆయనకు ఆ రేకు పనికిరాదని ముందే తెలుసనీ, నేను అనరాని మాట అన్నాననీ చెప్పాలి. అది చెప్తే పాసు తిరిగి ఇస్తారేమోనన్న ఆశ కూడా ఉంది. గేటు దగ్గర చాలాసేపు నిలబెట్టాక మేడమ్ బయటికి వచ్చింది. నెరుస్తున్న జుట్టు, మెడలో గుర్తింపు కార్డు, కాళ్ళకు మామూలు చెప్పులు. నాయన కాగితం విప్పి చూపించాడు. ఆమె ఒక్కో ముక్కనూ ఎత్తి వెలుతురులో చూసింది. ఆ రోజు ఆయన పేపర్లో కత్తిరించిన ఆకారాలు ఆమెకూ గుర్తున్నట్టున్నాయి. తర్వాత కన్నడంలో, ఇది అక్కడ వెచ్చగా ఉంచదని మీకు తెలియదా, ఇన్నాళ్ళు చేతులతో కుట్టారే అని అడిగింది. నాయన తల వంచుకున్నాడు. ఆమె నా వైపు తిరిగి ఏం చదువుతున్నావని అడిగింది. పీయూసీ, సైన్సు అన్నాను.

"సైన్సా? మరి నువ్వన్నా చెప్పాల్సింది కదమ్మా మీ నాయనకి."

నేను నోరు తెరిచేలోపే నాయన అన్నాడు. "చెప్పింది మేడమ్. పాప చెప్పనే చెప్పింది. నేనే ఇనలేదు."

మేడమ్ నన్ను చూసింది. నేను అవునన్నట్టు తల ఊపాను.